ఆ తీర్పు బతికే ఉందా?

'మా నాన్న ఆస్తిలో నాకు వాటా వస్తుందా సార్?'

లాయర్ల ఆఫీసుల్లో తరచూ వినిపించే ప్రశ్నే ఇది. అడిగే ఆవిడకు కావలసింది ఒక్క ముక్క. వస్తుందనో, రాదనో. కానీ ఎదురుగా కూర్చున్న లాయరుగారు ఆ ఒక్క ముక్కా చెప్పరు. చెప్పకపోగా తానే ప్రశ్నలు మొదలెడతారు. 'మీ పెళ్లి ఏ సంవత్సరంలో అయిందమ్మా? నాన్నగారు ఎప్పుడు పోయారు? పొలం ఆయన కొన్నదా, తాతలనాటిదా? మీ అన్నదమ్ములు పంచేసుకున్నారా? పంచుకుంటే కాగితం రిజిస్టరైందా?' అన్నీ రాసుకుని, 'రెండ్రోజులాగి రండి, రూలింగులు చూసి చెబుతాను' అంటారు.

ఫీజు పెంచుకోవడానికే ఈ ఆలస్యమంతా అని బయటికొచ్చాక గొణుక్కుంటాం. ఎప్పుడో ఒకప్పుడు అది నిజమూ కావచ్చు! కానీ చాలాసార్లు ఆ రెండ్రోజుల్లో జరిగే పనే కేసును నిలబెడుతుంది. లేదా పడగొడుతుంది. ఆ పని పేరు వెతుకులాట. నల్లకోటు వేసుకుని జడ్జిగారి ముందు వాదించడం మనం సినిమాల్లో చూశాం. దానికి ముందు పుస్తకాల మధ్యా కంప్యూటరు ముందూ జరిగే ఈ తతంగాన్ని ఏ సినిమా చూపించలేదు. చూపిస్తే జనం లేచి వెళ్లిపోతారేమో!

ఒకే ప్రశ్న... నాలుగు జవాబులు

ఒక లెక్క వేసి చూద్దాం. తాతలనాటి పొలం తొమ్మిదెకరాలు. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తల్లి ముందే పోయింది. కూతురి పెళ్లి 1980లో అయింది. తండ్రి 1999లో వీలునామా రాయకుండా పోయాడు. అన్నదమ్ములు ఎవరి వీలును బట్టి వాళ్లు సాగు చేసుకుంటున్నారు తప్ప కాగితం మీద పంచుకోలేదు. ఇప్పుడు ఆ కూతురి వాటా ఎంత?

తండ్రి పోయిన ఏడాదే ఆమె లాయరు దగ్గరికి వెళ్లి ఉంటే, ఆయన ముందు తీసే చట్టం ఆంధ్రప్రదేశ్‌ది. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో, 1986లో వచ్చిన సవరణ అది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అప్పటికి దేశంలో అదో పెద్ద అడుగు. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు వర్తించదని అందులోనే రాశారు. మన లెక్కలోని కూతురి పెళ్లి 1980లో అయిపోయింది కదా, ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తండ్రికి వచ్చే మూడోవంతులో, అంటే మూడెకరాల్లో, ముగ్గురు పిల్లల్లో ఒకరిగా ఆమెకు దక్కేది ఒక్క ఎకరం.

2005 సెప్టెంబరు 9న కేంద్రం దేశమంతటికీ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. పెళ్లయిందా లేదా అన్న షరతు పోయింది. మరి తండ్రి ఆ తేదీకి ముందే పోయి ఉంటే? చట్టం ఆ మాట సూటిగా చెప్పలేదు. 2015 అక్టోబరులో ప్రకాష్ వర్సెస్ ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది... ఆ రోజుకి తండ్రీ కూతురూ ఇద్దరూ బతికుంటేనే హక్కు అని. అంటే మళ్లీ ఒక్క ఎకరమే. 2018 ఫిబ్రవరిలో దానమ్మ కేసు వచ్చింది. అందులో తండ్రి 2001లోనే పోయాడు. అయినా కూతుళ్లకు సమాన వాటా ఇవ్వమంది అదే సుప్రీంకోర్టు. రెండు తీర్పులూ ఇద్దరేసి జడ్జీలవే. ఒకటి పెద్దదీ కాదు, ఒకటి చిన్నదీ కాదు. ఏది పట్టుకోవాలో తెలియక కింది కోర్టులు తలలు పట్టుకున్నాయి.

చివరికి ముగ్గురు జడ్జీల ధర్మాసనం కూర్చుంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చేసింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదు అని. ఫూలవతి తీర్పు చెల్లదంది. దానమ్మ తీర్పులోనూ కొంత భాగాన్ని కొట్టేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు కాగితం ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో పూర్తయిన పంపకాలను మాత్రం కదపకూడదంది. మన లెక్కలో అలాంటి కాగితం లేదు. కాబట్టి ఇప్పుడు తండ్రితో కలిపి నాలుగు వాటాలు. ఆమె సొంత నాలుగోవంతుకు తండ్రి నాలుగోవంతులో మూడో భాగం కలుస్తుంది. మొత్తం మూడెకరాలు!

ఎకరం ఎక్కడ, మూడెకరాలెక్కడ! ఆ తేడా అంతా లాయరు ఏ తీర్పు దగ్గర ఆగిపోయారన్న దానిమీదే ఉంది. 2015 తీర్పు పుస్తకాల్లోంచి మాయం కాలేదు. ఆ సంవత్సరం వాల్యూము తీస్తే నిక్షేపంలా ఉంటుంది. చక్కటి అచ్చు, పైన సుప్రీంకోర్టు పేరు, కింద జడ్జీల పేర్లు. 'ఇది ఇక చెల్లదు' అని ఆ పేజీ మీద ఎర్రసిరాతో ఎవరూ రాసి పెట్టరు. కాబట్టి తీర్పు దొరకడం ఒక ఎత్తు. దొరికిన తీర్పు బతికుందో లేదో కనుక్కోవడం మరో ఎత్తు.

బీరువాలోని అంకెల భాష

పాతకాలపు ప్లీడరుగారి ఇంటికి వెళ్తే ముందుగదిలో గోడ కనిపించేది కాదు. నేల నుంచి కప్పు దాకా బీరువాలు. వాటి నిండా ఒకే రంగు అట్టలు, బంగారు అక్షరాలు. అవి అలంకారానికి పెట్టినవని కొందరు క్లయింట్లు అనుకునేవాళ్లు. (అలంకారానికి పెట్టినవాళ్లూ లేకపోలేదు.) నిజానికి అవి లా రిపోర్టర్లు. కోర్టులిచ్చిన ముఖ్యమైన తీర్పులను ఏరి అచ్చువేసే పత్రికలు. నాగ్‌పూర్ నుంచి వచ్చే ఆలిండియా రిపోర్టరులో 1914 నాటి నుంచి తీర్పులున్నాయి. లక్నో నుంచి సుప్రీంకోర్టు కేసెస్ 1969లో మొదలైంది. మన హైకోర్టు తీర్పుల కోసం ఆంధ్రా లా టైమ్స్, ఆంధ్రా లీగల్ డెసిషన్స్ లాంటివి ఉన్నాయి.

లాయర్లు కోర్టులో 'ఏఐఆర్ 1973 ఎస్సీ 1461' అంటుంటే మనకు లాటరీ నంబరు చదివినట్లుంటుంది. దాని అర్థం చాలా తేలిక. ఆలిండియా రిపోర్టరు, 1973వ సంవత్సరం, సుప్రీంకోర్టు విభాగం, 1461వ పేజీ. అక్కడ తెరిస్తే ఉండేది ప్రసిద్ధమైన కేశవానంద భారతి కేసు. అదే తీర్పు సుప్రీంకోర్టు కేసెస్‌లో 1973 నాలుగో వాల్యూము, 225వ పేజీలో ఉంటుంది. మనిషి ఒకడే, రెండు ఊళ్లలో రెండు చిరునామాలన్నమాట. జూనియర్లు సగం జీవితం ఈ చిరునామాలు కలపడంలోనే గడిపేసేవాళ్లు. 2023లో సుప్రీంకోర్టు తన తీర్పులన్నిటికీ ప్రచురణకర్తతో సంబంధంలేని సొంత నంబర్లు ఇవ్వడం మొదలెట్టింది. ఆ బాధ ఇప్పుడు కొంత తగ్గింది.

తీర్పు ముందు చిన్న అక్షరాల్లో సారాంశం ఉంటుంది. దాన్ని హెడ్‌నోట్ అంటారు. తొందరలో ఉన్న లాయరు చదివేది దాన్నే. కానీ దాన్ని రాసింది జడ్జి కాదు, పత్రిక సంపాదకుడు. వందల పేజీల తీర్పును పది వాక్యాల్లోకి కుదించేటప్పుడు 'అయితే', 'ఒకవేళ' లాంటి మాటలు జారిపోవడం మామూలే. ఆ జారిపోయిన మాటలోనే క్లయింటు కేసు ఉండొచ్చు. అందుకే హెడ్‌నోట్ చదివి వాదించడానికి లేచిన జూనియర్‌ని 'ఏ పేరాలో ఉందో చూపించండి' అని జడ్జి అడిగితే, అప్పుడు చూడాలి తిప్పలు!

మన రాష్ట్రాల లాయర్లకు ఇంకో చిక్కుంది. సుప్రీంకోర్టు మాట అందరికీ శిరోధార్యం. రాజ్యాంగం 141వ అధికరణం చెప్పేది అదే. హైకోర్టు మాట ఆ రాష్ట్రంలోని కింది కోర్టులకు శాసనం. పక్క రాష్ట్రం హైకోర్టు మాట మాత్రం సలహాలాంటిది. వింటే వినొచ్చు, లేకపోతే లేదు. మరి గుంటూరు జిల్లాలో వందేళ్లనాటి వ్యవహారం వస్తే? 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పుట్టింది. అంతకుముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు మనకు చెల్లుతాయా అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. ఎం.సుబ్బరాయుడు కేసులో ఫుల్‌బెంచ్ చెల్లుతాయనే చెప్పింది. తర్వాత హైకోర్టు హైదరాబాదుకు వెళ్లింది. 2019 జనవరి 1న రెండైంది. కాబట్టి ఇవాళ అమరావతిలో వాదించే లాయరు ఒక్కోసారి హైదరాబాదు మీదుగా మద్రాసు దాకా పోయి రావాలి. కాళ్లతో కాదు, పుస్తకాలతో.

గొలుసు పట్టుకుని...

అసలు వెతుకులాట ఎలా సాగుతుందో ఒక నిజమైన కేసులో చూద్దాం. అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గండూరి కోటేశ్వరమ్మ కేసు. ఉమ్మడి ఆస్తి పంపకం కోసం దావా. 1999లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఎవరికెంత వాటా అన్నది తేలింది. కానీ భూమి కొలిచి, హద్దులు పెట్టి, ఎవరిది వాళ్లకు అప్పగించే తుది డిక్రీ ఇంకా కాలేదు. ఆలోపు 2005 చట్టం వచ్చింది. అక్కచెల్లెళ్లు కోర్టుకెళ్లి, మారిన చట్టం ప్రకారం మా వాటాలు మార్చండి అన్నారు. కింది కోర్టు ఒప్పుకుంది. హైకోర్టు ఒప్పుకోలేదు. డిక్రీ వచ్చాక ఇంకేముంది అంది.

అయిపోయిన పెళ్లికి మేళం ఎందుకన్నట్లే ఉంది కదా? కానీ నిజంగా అయిపోయిందా అన్నదే ప్రశ్న. దానికి సమాధానం 2005 చట్టంలో లేదు. పాత తీర్పుల్లో ఉంది. 1967లోనే ఫూల్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది... పంపకం దావాలో పరిస్థితులు మారితే ఒకటికి మించి ప్రాథమిక డిక్రీలు ఇవ్వొచ్చని. 1991లో సాయిరెడ్డి కేసు వచ్చింది. అదీ మన రాష్ట్రానిదే, ఎన్టీఆర్ కాలపు సవరణ మీద వచ్చిందే. తుది డిక్రీ అయ్యేదాకా పంపకం పూర్తయినట్లు కాదని అక్కడ తేలింది. ఈ రెండు తీర్పులనూ ఆధారం చేసుకుని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు అక్కచెల్లెళ్ల పక్షాన నిలిచింది. 1967 నుంచి 1991, అక్కణ్నుంచి 2011. ఒక్కో తీర్పూ ముందుదాని చెయ్యి పట్టుకుని నడిచింది.

లాయరు వెతికేది ఈ గొలుసునే. ఒక మంచి తీర్పు దొరికితే అది వెనక వేటిని ఆధారం చేసుకుందో చూస్తారు. అది సులువు. తీర్పులోనే రాసి ఉంటుంది. దాని తర్వాత వచ్చిన తీర్పులు దాన్ని ఏం చేశాయో కూడా చూడాలి. ఒప్పుకున్నాయా, 'ఆ కేసు వేరు, ఈ కేసు వేరు' అని పక్కన పెట్టాయా, పూర్తిగా కొట్టేశాయా? ఇది కష్టం. 1967 తీర్పు రాసినవాళ్లకు 2011లో ఏమవుతుందో ఎలా తెలుస్తుంది?

జిగురు చీటీల షెపర్డు

ఈ ముందుచూపు సమస్యకు మొదటిసారి గట్టి మందు కనిపెట్టిన వాళ్లలో ఒకాయన అమెరికాలోని షికాగోవాసి. పేరు ఫ్రాంక్ షెపర్డు. 1873లో ఆయన చేసిన పని వింటే, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. ఒక తీర్పును తర్వాత ఏయే తీర్పులు ప్రస్తావించాయో జాబితా రాసి, వెనక జిగురు పూసిన చిన్న చీటీల మీద అచ్చువేసి లాయర్లకు అమ్మాడు. వాళ్లు తమ పుస్తకంలో ఆ తీర్పు పక్కన అంటించుకునేవాళ్లు. పుస్తకం తెరిస్తే చాలు, తీర్పుకు తర్వాతేమైందో కళ్లెదుటే ఉండేది. చీటీలు తర్వాత పుస్తకాలయ్యాయి, పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కాయి. తీర్పు చెల్లుబాటును సరిచూడటాన్ని అమెరికా లాయర్లు ఇప్పటికీ 'షెపర్డైజ్' చేయడం అంటారు. మనిషి పేరే క్రియాపదమైపోయింది!

మన దగ్గర ఆ పని జూనియర్లూ గుమాస్తాలూ చేశారు. కొత్త సంచిక రాగానే అందులో ఏ పాత తీర్పును కొట్టేశారో చూసి, బీరువాలోంచి ఆ పాత వాల్యూము తీసి, మార్జిన్‌లో పెన్సిలుతో రాసేవాళ్లు. పద్ధతైన ఆఫీసుల్లో. పద్ధతి లేని ఆఫీసుల్లో ఏం జరిగేదో చెప్పనక్కర్లేదు.

మాట మారితే కేసు మారుతుంది

కంప్యూటర్లొచ్చాక ఈ బాధలన్నీ తీరిపోయి ఉండాలి. మాట కొట్టు, తీర్పు పట్టు... అంతే కదా? కాదు.

అసలు చట్టాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలన్న ఆలోచనే మాటల గొడవలోంచి పుట్టింది. 1950ల చివర్లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో జాన్ హార్టీ అనే లా ప్రొఫెసరు ఉండేవాడు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల గురించి పెన్సిల్వేనియా చట్టాల్లో వాడిన ఒక చులకన మాట తీసేసి గౌరవమైన మాట పెట్టాల్సి వచ్చింది. ఆ మాట ఎక్కడెక్కడ ఉందో విద్యార్థులతో వెతికించాడు. ఎన్నిసార్లు చదివించినా ఎక్కడో ఒకటి మిగిలిపోయేది. విసిగిపోయి చట్టాలన్నిటినీ కంప్యూటరుకెక్కించి దానితోనే వెతికించాడు. 1973లో లెక్సిస్, 1975లో వెస్ట్‌లా వచ్చాయి. పూర్తి తీర్పుల్లో మాటపట్టి వెతికే సౌకర్యం అమెరికా లాయర్లకు అందింది.

1985లో బ్లెయిర్, మారన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. లాయర్ల వెతుకులాట గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ఆ పరీక్ష ప్రస్తావన వస్తుంది. ఒక పెద్ద దావాకు సంబంధించిన 40 వేల పత్రాలు, దాదాపు మూడున్నర లక్షల పేజీలు కంప్యూటర్లో ఉన్నాయి. కావలసిన వాటిలో కనీసం 75 శాతం దొరకాలని లాయర్లు షరతు పెట్టారు. వెతికారు. దొరికాయని తృప్తిపడ్డారు. తీరా లెక్క తీస్తే దొరికింది సగటున 20 శాతమే. ఐదింట నాలుగు వంతులు దొరకనే లేదు! దొరకనివాటి సంగతి దొరికినవాటిని చూస్తే తెలియదు కదా, అందుకే వాళ్లకు అనుమానమే రాలేదు.

ఎందుకలా? మాటల వల్ల. ఒక ప్రమాదం గురించిన వ్యవహారమది. లాయర్లు 'ప్రమాదం' అని వెతికారు. కానీ నష్టం కట్టాల్సిన పక్షంవాళ్లు తమ ఉత్తరాల్లో ఆ మాటే వాడలేదు. 'ఘటన' అన్నారు, 'పరిస్థితి' అన్నారు, 'ఇబ్బంది' అన్నారు. తప్పు చేసినవాడు తన తప్పును తప్పు అని ఎందుకు రాస్తాడు!

ఈ చిక్కు మనకు రెట్టింపు. క్లయింటు తెలుగులో చెబుతాడు, తీర్పు ఇంగ్లీషులో ఉంటుంది. 'పెళ్లిలో మా నాన్న రెండెకరాలు పసుపు కుంకుమ కింద ఇచ్చాడండీ' అంటుంది ఒకావిడ. తండ్రి ఉమ్మడి ఆస్తిలోంచి కూతురికి పెళ్లప్పుడు కొంత భూమి ఇవ్వడం చెల్లుతుందా అన్నదే అక్కడి న్యాయప్రశ్న. తన తాహతుకు తగ్గ మోతాదులో ఇస్తే చెల్లుతుందని 2004 నాటి రిపోర్టుల్లో ఉన్న కుప్పాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదేమో తమిళనాడు కేసు. 'పసుపు కుంకుమ' అని కొడితే అది దొరకదు. మన హైకోర్టు తీర్పుల్లో కొట్టినా, ఇంగ్లీషులో ఆ మాటను ఒకరు కలిపి, ఒకరు విడదీసి, తలో రకం స్పెల్లింగుతో రాశారు. మంచి లాయరు కంప్యూటరు దగ్గరికి వెళ్లేముందే కాగితం మీద పది మాటలు రాసుకుంటారు. స్త్రీధనం, పెళ్లి కానుక, దానం, ఉమ్మడి ఆస్తి, మేనేజరు హక్కు... ఆ పది మాటలు తట్టడానికి కంప్యూటరు పరిజ్ఞానం చాలదు, మనుషుల వ్యవహారం తెలియాలి.

కొత్తగా ఇంకో తలనొప్పి వచ్చింది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయసంహిత వచ్చింది. హత్యకు 302 పోయి 103 అయింది. మోసానికి 420 పోయి 318 అయింది. (తెలుగువాళ్లు తిట్టుకోవడానికి 'ఫోర్ ట్వంటీ'నే వాడుతున్నారు, ఆ విషయంలో పార్లమెంటు ఏమీ చేయలేకపోయింది.) కానీ నూటయాభై ఏళ్ల తీర్పులన్నీ పాత నంబర్ల కిందే ఉన్నాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలు ఇప్పటికీ పాత చట్టం కిందే విచారణకు వస్తాయి. అందుకే ఇవాళ క్రిమినల్ లాయరు టేబుల్ మీద రెండు నంబర్లూ పక్కపక్కన వేసిన పట్టిక ఒకటి తప్పకుండా ఉంటుంది.

చచ్చిపోయిన సెక్షన్ కింద కేసులు

తీర్పులే కాదు, చట్టం సెక్షన్లు కూడా చచ్చిపోతాయి. చచ్చాక కూడా తిరుగుతుంటాయి! సమాచార సాంకేతిక చట్టంలో 66-ఎ అని ఒక సెక్షన్ ఉండేది. నెట్‌లో చిరాకు కలిగించే రాతలు రాసినా జైల్లో వేయొచ్చన్న సెక్షన్. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అక్కడితో కథ ముగియాలి. కానీ ఆరేళ్ల తర్వాత, 2021 జులైలో, ఆ సెక్షన్ కింద 11 రాష్ట్రాల కోర్టుల్లో ఇంకా 745 కేసులు నడుస్తున్నాయని ఒక పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టు ముందు పెట్టింది. జడ్జీలు విస్తుపోయారు.

ఎలా జరిగింది? అటార్నీ జనరల్ అక్కడే కారణం చెప్పారు. చట్టం పుస్తకంలో ఆ సెక్షన్ యథాతథంగా అచ్చయి ఉంది. దాన్ని కొట్టేశారన్న సంగతి మాత్రం పేజీ అడుగున, ఫుట్‌నోట్‌లో ఉంది. పుస్తకం తెరిచిన పోలీసు అధికారి సెక్షన్ చదివాడు, ఫుట్‌నోట్ చదవలేదు. ఒక చిన్న అక్షరాల వాక్యం చూడనందుకు మనుషులు లాకప్పుల్లో కూర్చున్నారు, కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించడానికి వీల్లేదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అసలు లేని కేసులు

చచ్చిన తీర్పు ఒక ప్రమాదం. పుట్టనే పుట్టని తీర్పు ఇంకో ప్రమాదం. విమానంలో బండి తగిలి మోకాలు దెబ్బతిందంటూ ఒక ప్రయాణికుడు ఏవియాంకా సంస్థ మీద వేసిన దావా న్యూయార్కులో నడిచింది. అతని తరఫు లాయరు ముప్ఫై ఏళ్ల అనుభవమున్నవాడు. చాట్‌జీపీటీని అడిగి కొన్ని పాత తీర్పులు ఉటంకించాడు. అవతలి లాయర్లు వెతికితే అవి ఎక్కడా లేవు. 'ఆ తీర్పుల నకళ్లు తెండి' అన్నాడు జడ్జి. వీళ్లు మళ్లీ చాట్‌జీపీటీనే అడిగారు... ఇవి నిజమైనవేనా అని. నిజమైనవే, పెద్ద పెద్ద డేటాబేసుల్లో దొరుకుతాయంది అది! అబద్ధమాడాడా అని అనుమానం వచ్చిన మనిషినే సాక్ష్యానికి పిలిచినట్లయింది. 2023 జూన్‌లో కోర్టు 5 వేల డాలర్ల జరిమానా వేసింది.

ఎక్కడో అమెరికాలో కదా అనుకోవద్దు. 2024 డిసెంబరులో బెంగళూరులోని ఆదాయపన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వులో లేని తీర్పులు దొర్లాయి. ట్రిబ్యునల్ దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2025 జులైలో కేరళ హైకోర్టు తన కింది కోర్టులకు నియమావళి పంపింది. తీర్పు నిర్ణయించడానికి కృత్రిమ మేధను వాడకూడదని అందులో గట్టిగా చెప్పింది. లాయర్ల కోసమే ప్రత్యేకంగా తయారైన కృత్రిమ మేధ సాధనాలను కూడా స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో పరీక్షించారు. మామూలు వాటికన్నా మెరుగేగానీ, అవి కూడా ఆరు ప్రశ్నల్లో ఒకదానికి, కొన్నయితే మూడింట ఒకదానికి కల్పించి చెప్పాయట.

ఈ సాధనాలు వద్దని చెప్పే లాయరు ఇప్పుడు దాదాపు లేరు. వందల పేజీల తీర్పును చదివి ఏ పేరాలో ఏముందో చూపించడంలో, మనకు తట్టని మాటలు గుర్తుచేయడంలో అవి పనికొస్తాయి. అది చెప్పిన తీర్పును మూలంలో తెరిచి చదివారా లేదా అన్నదే తేడా. అలా చదవడం ఒకప్పుడు ఖరీదైన పని. ఇప్పుడు కాదు.

మీరూ చూడొచ్చు

తీర్పు ఎవరి సొత్తు? 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకే జవాబు చెప్పింది. తమ పుస్తకాల్లోని తీర్పులను సీడీల్లోకి ఎక్కించుకున్నారని లక్నో ప్రచురణకర్తలు వేసిన కేసు అది. పత్రిక సంపాదకులు తమ తెలివితో చేర్చినవి వాళ్లవే, తీర్పు పాఠం మాత్రం అందరిదీ అని తేలింది. ఆ వెంటనే, 2008 జనవరిలో, సుశాంత్ సిన్హా అనే కంప్యూటర్ ఇంజినీరు 'ఇండియన్ కానూన్' మొదలెట్టారు. ఆయన లాయరు కాదు. అయినా పల్లెటూరి మున్సిఫ్ కోర్టు జూనియరుకు ఢిల్లీ సీనియర్ బీరువా అందుబాటులోకి వచ్చిందంటే అందులో ఆయన పాలు చాలా ఉంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తానే 'ఈ-ఎస్‌సీఆర్' పేరుతో తన తీర్పులను ఉచితంగా పెట్టింది. కేంద్ర చట్టాల తాజా పాఠం ప్రభుత్వ 'ఇండియా కోడ్'లో దొరుకుతుంది. మీ కేసు వాయిదా ఎప్పుడో ఈ-కోర్ట్స్ యాప్ చెబుతుంది.

కాబట్టి ఈసారి లాయరుగారు 'మనకు అనుకూలంగా రూలింగ్ ఉందండీ' అంటే, మొహమాటపడకుండా దాని పేరూ సంవత్సరమూ రాయించుకోండి. ఇంటికొచ్చి తెరవండి. ఎంతమంది జడ్జీలు ఇచ్చారో చూడండి. ఎందుకంటే ఇద్దరి మాటను ముగ్గురు, ముగ్గురి మాటను ఐదుగురు మార్చగలరు. తర్వాతిసారి వెళ్లినప్పుడు 'దీని తర్వాత ఇంకేమైనా వచ్చిందా సార్?' అని ఒక్క మాట అడగండి. మంచి లాయరు విసుక్కోరు, ఎందుకంటే ఆ రెండ్రోజులూ ఆయన చూసింది అదే. ఒక జాగ్రత్త. ఈ-ఎస్‌సీఆర్‌లో కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి, హాయిగా చదువుకోవచ్చు. కానీ అవి మన అవగాహన కోసమే. కోర్టులో చూపించాల్సి వస్తే చెల్లేది ఇంగ్లీషు పాఠమే.